ఆంధ్రుల చరిత్రము, వంశధార ఒడ్డు నుంచి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత గ్రంథాలయాల్లో చరిత్ర బీరువాకి ఒక వాసన ఉండేది. కలరా ఉండలు, మైదా జిగురు, వానాకాలం చెమ్మ కలిసిన వాసన. ఆ బీరువా పై అరలో చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' ఉండేది. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోయి, ఖాకీ కాలికో బైండుతో, వెన్ను మీద సిరాతో రాసిన నంబరుతో. పేజీ మూల మడిస్తే అప్పడంలా విరిగేది. అందుకే పాత లైబ్రేరియన్లు ఆ పుస్తకం ఇస్తూ ముందు ఒక కాగితం ముక్క చేతిలో పెట్టేవారు, గుర్తుకి అది పెట్టుకోమని.

మొదటి భాగం 1910లో, రెండోది 1912లో వచ్చాయి. వేసింది విజ్ఞాన చంద్రికా మండలి. కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు 1906లో హైదరాబాదులో పెట్టిన సంస్థ అది. బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది 1913లో. అంటే ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట సభకెక్కే ముందే 'ఆంధ్రులు' అన్న పేరుతో వరస చరిత్ర అచ్చయి ఇళ్ళలోకి వచ్చేసిందన్నమాట. ఈ వరస మర్చిపోతే ఆ పుస్తకం గొప్పా అర్థం కాదు, లోపమూ అర్థం కాదు.

అంతకు ముందు తెలుగువాడి చేతిలో చరిత్ర పేరుతో ఉన్నవి ఏమిటి? ఊరూరి కైఫీయతులు (గ్రామాల పాత సంగతులు రాయించిన దస్తరాలు), స్థలపురాణాలు, బొబ్బిలి కథ, చాటుపద్యాలు. ఇంగ్లీషు బడి పుస్తకం తెరిస్తే సర్కారు జిల్లాలు క్లైవు, బుస్సీల మధ్య చేతులు మారిన సొత్తు. శాసనాలు దొరుకుతున్నాయి గానీ అవన్నీ 'ఇండియన్ ఆంటిక్వరీ', 'ఎపిగ్రాఫియా ఇండికా' సంపుటాల్లో ఇంగ్లీషులో ఉండిపోయాయి. మన నరసన్నపేట దగ్గర కొమర్తిలో దొరికిన చండవర్మ రాగిరేకులు, 'చికాకోల్ (అంటే శ్రీకాకుళం) రేకులు' అన్న పేరుతో పండితలోకానికి తెలిసిన, కళింగాన్నేలిన గాంగ రాజుల దానపత్రాలు, ఏవీ ఆ పొలాల రైతులకి తెలియవు. అలాంటి ముక్కల్ని ఏరి, పురాణాల రాజుల పట్టికల పక్కన పెట్టి, తెలుగులో ఒకే కథగా చెప్పడం 1910లో చిన్న పని కాదు. ఏ విశ్వవిద్యాలయం దన్నూ లేకుండా, పత్రికల్లో పనిచేసిన మనిషి చేసిన పని అది. ఇప్పుడు తప్పులు పట్టడం తేలిక. ఆనాడు పట్టడానికైనా ముందు ఒక పుస్తకం ఉండాలి కదా.

ఇక చదివించే గుణం. భాష గ్రాంథికం, అరసున్నలు, బండి ఱలతో సహా. విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ ఏళ్ళలోనే విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతున్నారు. వాళ్ళ వాదానికి ఒక్క మెట్టు కూడా దిగని వచనం ఇది. అయినా పైకి చదివితే సాగుతుంది. కారణం క్త్వార్థకాలు, అంటే 'చేసి, వెళ్ళి' లాంటి క్రియలు. "వేంగిపై దండెత్తి, శత్రువుల నోడించి, జయస్తంభము నాటి, రాజధానికి మరలి, దానధర్మములు సల్పి, స్వర్గస్థుఁడయ్యెను" అనే మోస్తరు వాక్యం (ఇది ఆ బాణీకి నమూనాయే, ఏ పేజీలోదీ కాదు) గుర్రం మీద పోయినట్టు పోతుంది. అరుగు మీద ఒకరు చదివితే నలుగురు వినేవారంటే ఈ నడక వల్లే.

మోసమూ అక్కడే ఉంది. దండెత్తడానికీ స్వర్గస్థుడవడానికీ మధ్య ముప్ఫై ఏళ్ళు గడిచి ఉండొచ్చు. దండయాత్రకి సాక్ష్యం ఒక రాతి శాసనం, జయస్తంభానికి ఆధారం వందేళ్ళ తరవాతి మునిమనవడి ప్రశస్తి, దానధర్మాలకి ఆధారం ఏ స్థలపురాణమో కావచ్చు. 'ఎత్తి, ఓడించి, నాటి' అనేసరికి అన్నీ ఒకే బరువుతో, ఒకే రోజు జరిగినట్టు వినిపిస్తాయి. దీనికి విరుగుడుగా పాత పాఠకులు వాడిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి క్రియ మీదా పెన్సిలుతో సన్నగా ఆధారం గుర్తు పెట్టుకోవడం. రాయికి రా, రేకుకి రే, కావ్యానికి కా, ఏదీ చెప్పకపోతే చుక్క. ఒక అధ్యాయం అలా గుర్తులు పెట్టి చూస్తే చుక్కలు ఎక్కడ గుంపు కట్టాయో కనిపిస్తుంది. యుద్ధ వర్ణన ఎంత జోరుగా ఉంటే అక్కడ అన్ని చుక్కలు. (గ్రంథాలయం పుస్తకం మీద కాదు, వేరే కాగితం మీద. ఈ మాట చెప్పక తప్పదు.)

అసలు సంగతికి వద్దాం. ఈ కోవ చరిత్రలు నడిచే రాజబాట ఒకటుంది. శాతవాహనులు, వేంగి చాళుక్యులు, ఓరుగల్లు, కొండవీడు, విజయనగరం. ఈ విజయనగరం తుంగభద్ర ఒడ్డుది, మనది కాదు; మన జిల్లా పిల్లలు పరీక్షల్లో ఈ రెండూ కలిపేయడం పాత తమాషా. ఆ బాట మీద గోదావరి, కృష్ణ ఒడ్డు పాఠకుడికి 'మనం' అన్న మాట ఎక్కడా తడబడదు. వంశధార, నాగావళి ఒడ్డున కూచుని చదివేవాడికి మాత్రం అడుగడుగునా తడబడుతుంది.

కులోత్తుంగ చోళుణ్ణే తీసుకోండి. నన్నయకి ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. తెలుగు చరిత్ర పుస్తకానికి ఆయన మనవాడు, వేంగి బిడ్డ. ఆయన సేనాని కరుణాకర తొండైమాన్ 1110 ప్రాంతంలో కళింగం మీద పడ్డాడు. ఆ విజయం మీద జయంకొండార్ తమిళంలో 'కళింగత్తుప్పరణి' రాశాడు. ఓడిన రాజు అనంతవర్మ చోడగంగు. ఆయన తల్లి రాజసుందరి చోళ రాజు కూతురు, పేరులో 'చోడ' అక్కణ్ణుంచి వచ్చిందే. ఆయన తాతముత్తాతల రాజధాని కళింగనగరం అంటే మన ముఖలింగం. ఆ కాలపు ముఖలింగం శాసనాల్లో తెలుగు పుష్కలంగా ఉంది. తరవాత రాజధాని కటకం వెళ్ళింది. పూరీ జగన్నాథాలయం మొదలుపెట్టించిందీ ఆయనే. ఇప్పుడు చెప్పండి, ఈ యుద్ధంలో మనం ఏ పక్షం? వేంగి బిడ్డ గెలిచాడని సంతోషించాలా, ముఖలింగం రాజు ఓడిపోయాడని బాధపడాలా? ఒడియా చరిత్రలు చోడగంగుణ్ణి తమ మహారాజుల వరసలో మొదట నిలబెడతాయి. తెలుగు చరిత్రలు ఆయన్ని పక్క గదిలో కూచోబెడతాయి. ఆయన ఆస్థానంలో ఎవరికీ ఈ గొడవే తెలియదు.

నాలుగు వందల ఏళ్ళ తరవాత ఇదే చిక్కు మళ్ళీ. కృష్ణదేవరాయలు ఒడిశా రాజు గజపతి మీద దండెత్తి ఉత్తరానికి వచ్చాడు. సింహాద్రి దగ్గర పొట్నూరులో జయస్తంభం నాటాడు. 1516లో సింహాచలంలో శాసనం వేయించాడు. ఆంధ్రభోజుడి దిగ్విజయం అని పుస్తకం పొంగిపోతుంది. జయస్తంభం నాటారంటే ఆ నేల ఓడిపోయినవాళ్ళదని కదా అర్థం. ఆ నేల మీద కాపురం ఉన్నవాళ్ళు పుస్తకంలో లేరు.

బొబ్బిలి, విజయనగరం ఊళ్ళవారికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 జనవరి 24 గురించి బొబ్బిలిలో ఒకలా వింటాం, విజయనగరం కోటలో ఇంకోలా వింటాం. పాడే కథలో తాండ్ర పాపారాయుడి ఎదురుగా విజయనగరం రాజులైన పూసపాటివారు విలన్లు. అదే పూసపాటివారు 1794 జులై 10న పద్మనాభంలో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) సేనకి ఎదురు నిలిస్తే, యుద్ధంలో చినవిజయరామరాజు చనిపోతే, ఆ అధ్యాయంలో నాయకులు. రెండు అధ్యాయాలకీ మధ్య గట్టిగా నలభై ఏళ్ళు లేవు. ఒక్క 'మనం'తో మొత్తం చరిత్ర చెప్పబోతే ఇలాగే పాత్రల వేషాలు మారిపోతుంటాయి.

తారీఖుల పని వేరే ఉంది. ఇక్కడే ఎక్కువ మంది జారిపడతారు, పాత పుస్తకాలూ జారిపడ్డాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం అని బళ్ళో చెబుతారు. చైత్రం నుంచి డిసెంబరు చివరిదాకా అది సరే. జనవరి నుంచి మళ్ళీ ఉగాది దాకా 79 కలపాలి. చోడగంగు పట్టాభిషేకం చూడండి. శాసనంలో సంవత్సరం 'నంద రంధ్ర గ్రహ' అని మాటల్లో ఉంది. నందులు తొమ్మిది మంది, ఒంట్లో రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. అంటే శక 999. ఇలాంటి సంకేతాలు కుడి నుంచి ఎడమకి చదవాలి. ఇక్కడ ఎటు చదివినా ఒకటే, అది అదృష్టం. 78 కలిపితే 1077 వస్తుంది. కానీ సూర్యుడు కుంభంలో ఉన్నాడని, శుక్ల తదియ శనివారమని అదే శ్లోకం చెబుతోంది. కుంభం అంటే ఫిబ్రవరి, మార్చి. కాబట్టి 1078. లెక్క కడితే ఫిబ్రవరి 17, నిజంగానే శనివారం. వారం కలిసిందంటే తారీఖు మీద ధైర్యం వస్తుంది. వారం కలవకపోతే ఆ శక సంవత్సరం గడిచిపోయినదా, నడుస్తున్నదా అని రెండు వైపులా ఒక్కో ఏడు జరిపి చూడాలి.

కళింగానికి ఈ పాట్లు చాలవన్నట్టు సొంత శకం ఒకటుంది. తొలి గాంగుల రేకుల మీద ఉండేది గాంగ శకం. అది ఎప్పుడు మొదలైందో 1910 నాటికి తేలనే లేదు. తరవాత ఎన్నో దశాబ్దాలు పండితులు వాదించుకున్నారు. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ వందేళ్ళ పైగా తేడా. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది 498 ప్రాంతం. ఆ లెక్కన 183వ సంవత్సరపు దేవేంద్రవర్మ చికాకోల్ రేకులు సుమారు 681 నాటివి. ఆది తెలియకుండా వంశవృక్షం గీస్తే ఏమవుతుంది? గాంగుల్లో దేవేంద్రవర్మలు చాలామంది, అనంతవర్మలు చాలామంది, ఇంద్రవర్మలూ అంతే. మనవడికి తాత పేరు పెట్టే ఆచారం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది కదా. ఏ దేవేంద్రవర్మ ఎవరో తేల్చకుండా కథ నడిపితే ఇద్దరు రాజులు ఒకరైపోతారు, లేదా ఒకడు ఇద్దరైపోతాడు. అరసవల్లి గుడి కట్టించింది దేవేంద్రవర్మ అని వింటే, 'ఏ దేవేంద్రవర్మ?' అని అడగడం మంచిది.

తరవాతి గాంగులకీ గజపతులకీ ఇంకో తిరకాసు. అదే అంక సంవత్సరం. రాజు ఏలుబడి ఏళ్ళు లెక్కపెట్టేటప్పుడు 1 వదిలేస్తారు. 6తో ముగిసేవి వదిలేస్తారు. 10 తప్ప సున్నాతో ముగిసేవన్నీ వదిలేస్తారు. కొత్త ఏడు భాద్రపద శుక్ల ద్వాదశినాడు మొదలవుతుంది. కాబట్టి శాసనంలో 2వ అంకం అంటే అసలు మొదటి ఏడు. 21వ అంకం అంటే 17వ ఏడు: 1, 6, 16, 20 నాలుగూ తీసేయాలి. ఈ సంగతి తెలియక 21ని 21గానే తీసుకుంటే రాజు పట్టాభిషేకం నాలుగేళ్ళు వెనక్కి పోతుంది, ఆయన తండ్రి నాలుగేళ్ళు ముందే చచ్చిపోతాడు. వరస చరిత్రలో ఒక తేదీ జరిగితే వెనక ఉన్నవన్నీ గూడ్సు పెట్టెల్లా జరుగుతాయి.

వీరభద్రరావుగారి పక్షాన ఒకటి చెప్పాలి. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు గంపగుత్తగా అచ్చయింది 1925లో, దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో. మొదటి భాగం వచ్చిన 15 ఏళ్ళకి. రాజమండ్రి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి కళింగ సంచిక వేసింది 1930లో. వంటకి సరుకులు అంగడికి రాకముందే వండిన వంట అది. ఉప్పు తక్కువైందనొచ్చు, వండినవాడికి చేతకాదనకూడదు. అయితే కథ నచ్చేసిన తరవాత సరుకులు వచ్చినా మార్చి వండుకోకపోవడం మాత్రం మన తప్పు. మొదటి భాగంలో చదివిన తేదీలే యాభై ఏళ్ళ తరవాత కూడా బడి ఉపన్యాసాల్లో, ఆలయాల రేకు బోర్డుల మీద వినబడ్డాయి, కనబడ్డాయి.

రాజుల వరస తప్ప ఇంకేం లేదన్న ఫిర్యాదుకి 1949లో సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'తో జవాబు చెప్పారు. తినడం, కట్టడం, ఆడడం, పాడడం అంతా కావ్యాల్లోంచి పిండి తీశారు. తెలుగులో సాహిత్య అకాడమీ బహుమతి మొట్టమొదట దానికే వచ్చింది. కావ్యాలు ఎక్కువగా పుట్టిన చోటి బతుకే అందులో ఎక్కువ కనిపిస్తుంది, తప్పదు. మన వైపు బతుకు కావాలంటే మళ్ళీ రాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

శ్రీకూర్మంలో శక 1203, అంటే 1281 నాటి నరహరి తీర్థుల శాసనం ఉంది. ఆయన మధ్వ సన్యాసి. కళింగంలో అధికారం చేతిలో పెట్టుకుని ఉండగా గుడి ఎదట యోగానంద నరసింహుణ్ణి ప్రతిష్ఠ చేశాడు. శబరుల దాడుల నుంచి శ్రీకూర్మాన్ని కాపాడాడని కూడా శాసనం చెబుతుంది. సన్యాసి కత్తి పట్టాడన్న అరుదైన సంగతి దగ్గర కథా చరిత్రలు ఆగుతాయి, ఆగాలి కూడా. కానీ శబరులు? అర వాక్యంలో వచ్చి వెళ్ళిపోతారు, దోపిడీగాళ్ళుగా. వాళ్ళు ఎందుకు దిగి వచ్చారో, కొండ కింద ఎవరి పొలాలు ఎవరి చేతికి పోయాయో ఆ ప్రశ్న కథలో ఇమడదు. ఆ మాటని సవరలతో కలిపి చదివితే వాళ్ళు మన పక్కవాళ్ళే. సీతంపేట కొండల్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడ గిడుగువారు గుర్తుకొస్తారు. పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో బడిలో చరిత్ర చెబుతూ, పుస్తకాలు చూసి పాత లిపులు తనంతట తనే నేర్చుకుని, ముఖలింగం శాసనాలు చదివారు. ఆ మనిషే సవర నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు చేశారు. గుడి రాయినీ కొండ మీది మాటనీ రెండిటినీ ఒకే చెవితో విన్నారు. వరస చరిత్ర రాసే ఓపిక ఆయనకి ఉండి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది, కానీ అలాంటి మనిషి వరసగా రాయలేడేమో కూడా. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. గిడుగువారు రాజమండ్రి వెళ్ళిపోయారు. టెక్కలి, మందస, ఇచ్ఛాపురం ఇటు మిగిలాయి. చోడగంగు రాజ్యం మధ్యలోంచి గీత పడి, అటు ఒక చరిత్ర, ఇటు ఒక చరిత్ర బడి పుస్తకాల్లోకి ఎక్కాయి.

పుస్తకం చేత్తో పట్టుకుని గుడికి వెళ్ళే ఉద్దేశం ఉన్నవారికి రెండు మాటలు. ముందు చెప్పిన దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో పాఠాలు ఉన్నాయి గానీ అనువాదం లేదు, తెలుగు శాసనం తెలుగు లిపిలోనే ఉంటుంది. కావలసిన పేజీలు జిరాక్సు తీసుకెళ్ళండి, శాసనం నంబరు పైన రాసుకోండి. మిట్టమధ్యాహ్నం వెళ్తే రాయి మీద ఏమీ కనబడదు. పొద్దున్న ఎనిమిదిలోపు గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ ఎండ వాలుగా పడ్డప్పుడు అక్షరం గాటులో నీడ నిలుస్తుంది. లోపలి స్తంభాలకి టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టాలి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దకూడదు. పొరపాటుగా దిద్దిన గీతే తరవాతి వాడికి అక్షరమైపోతుంది. నూనె అసలు వద్దు, జిడ్డుకి దుమ్ము పట్టి గాటు పూడిపోతుంది.

శ్రీకూర్మం స్తంభాల మీద మొదట దొరికించుకోవలసింది 'శకవర్షంబులు' అన్న మాట, తరవాత అంకెలు. అవి దొరికితే మీ జిరాక్సులో నంబరు దొరికినట్టే. అక్కణ్ణుంచి కిందకి వస్తే రాజు పేరు రెండు పంక్తుల్లో అయిపోతుంది. మిగతా రాయంతా ఇచ్చినవాళ్ళది: అఖండ దీపానికి ఇన్ని ఆవులు, ఇన్ని గండమాడలు, ఇన్ని మల్లమాడలు (ఆనాటి నాణేలు), ఆ నెయ్యి ఎవరు తేవాలి, ఇది తప్పినవాడికి ఏ పాపం తగులుతుంది. కొన్ని స్తంభాల మీద సున్నం పూతలు ఒకదాని మీద ఒకటి పడి, మాడల లెక్క దగ్గరే అక్షరాలు మూసుకుపోయి ఉంటాయి. గోటితో గీకకండి.